మోచేయి విరిగితే వేళ్ళను చూడాలి

వేసవి సెలవులు. మిట్టమధ్యాహ్నం పెద్దవాళ్ళంతా కునుకు తీస్తున్న వేళ ఏడేళ్ళ పిల్లవాడొకడు జామచెట్టు ఎక్కి, కొమ్మ మీద నుంచి జారిపడ్డాడని అనుకోండి. పడబోయేటప్పుడు ఎవరైనా చేసే పనే వాడూ చేశాడు. ఎడమచేతిని చాచి నేలకు ఆనించాడు. ఒంటి బరువంతా ఆ అరచేతి మీద పడింది. లేచి చూసేసరికి మోచేయి కదలడం లేదు. కొద్దిసేపట్లోనే బాగా వాచిపోయింది.

ఏడుపు విని ఇరుగుపొరుగు చేరారు. "బెణికింది, నూనె రాసి తోమితే సర్దుకుంటుంది" అన్నారొకరు. "కీలు తప్పింది, పట్టి లాగితే కూర్చుంటుంది" అన్నారు మరొకరు. "ముందు బద్దలు పెట్టి గట్టిగా బిగించి కట్టండి" అన్నారు ఇంకొకరు. ముగ్గురూ పిల్లవాడి మేలు కోరినవాళ్ళే. కాని ఆ మూడు సలహాల్లో ఏది పాటించినా పిల్లవాడి చేతికి ముప్పు రావచ్చు!

అదే పిల్లవాణ్ణి ఆసుపత్రిలో అత్యవసర విభాగానికి తీసుకువెళితే అక్కడి డాక్టరు ఏం చేస్తారో గమనించండి. వాచిన మోచేతిని ఆయన వెంటనే ముట్టుకోరు. ముందు పిల్లవాడి వేళ్ళను చూస్తారు. వాటి రంగు ఎలా ఉందో చూస్తారు. వెచ్చగా ఉన్నాయో, చల్లబడ్డాయో తాకి చూస్తారు. "రాయి, కాగితం, కత్తెర ఆట నీకు వచ్చా?" అని అడుగుతారు. దెబ్బ తగిలింది మోచేతికి కదా, వేళ్ళతో పనేమిటి? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలిస్తే, పిల్లల మోచేతి విరుపుల గురించి అందరూ తెలుసుకోవలసిన ముఖ్య విషయం తెలిసినట్టే.

మీ మోచేతిని తడిమి చూడండి

మోచేయి మూడు ఎముకలు కలిసే కీలు. భుజం నుంచి దిగివచ్చే దండచేతి ఎముకను భుజాస్థి అంటారు. ముంజేతిలో రెండు ఎముకలు ఉంటాయి. బొటనవేలి వైపు ఉండేది రత్ని, చిటికెనవేలి వైపు ఉండేది అరత్ని. మోచేతిని మడిచి బల్ల మీద ఆనించినప్పుడు బల్లకు గుచ్చుకునే మొన అరత్నిదే. మోచేతికి రెండు పక్కలా తడిమితే రెండు బుడిపెలు చేతికి తగులుతాయి. అవి భుజాస్థి కింది కొసకు చెందినవి.

ఇప్పుడు లోపలి బుడిపెకూ, మోచేతి మొనకూ మధ్య ఉన్న గాడిలో వేలితో మెల్లగా నొక్కండి. చిటికెనవేలి దాకా జివ్వుమందా? బల్ల అంచు తగిలినప్పుడు కరెంటు కొట్టినట్టు అనిపించే చోటు ఇదే. ఆ గాడిలో, చర్మానికి కాస్త కిందుగా, అల్నార్ నరం వెళుతుంది. రక్తనాళాన్ని కూడా నరం అనే అలవాటు మన ఇళ్ళలో ఉంది. ఈ వ్యాసంలో మాత్రం నరం అంటే మెదడు, వెన్నుపాముల నుంచి కండరాలకు ఆజ్ఞలనూ, చర్మం నుంచి స్పర్శ సమాచారాన్నీ మోసే తంతువుల కట్ట అనే అర్థం.

భుజాస్థి నడిమి భాగమంతా గుండ్రటి కడ్డీలా గట్టిగా ఉంటుంది. మోచేతి దగ్గరకు వచ్చేసరికి అది వెడల్పై పలచబడుతుంది. అక్కడ ఎముకకు ముందు ఒక గుంట, వెనక ఒక గుంట ఉంటాయి. చేతిని పూర్తిగా చాచినప్పుడు మోచేతి మొన వెనక గుంటలోకి వెళ్ళి కూర్చుంటుంది. పూర్తిగా మడిచినప్పుడు అరత్ని ముందువైపు కొన ముందు గుంటలోకి చేరుతుంది. ఈ రెండు గుంటల నడుమ మిగిలిన ఎముక చాలా పలచన. దాని రెండు పక్కలా ఉండే స్తంభాల వంటి భాగాలే బరువు మోయాలి. ఎదిగే పిల్లల్లో ఈ స్తంభాలు కూడా సన్నగానే ఉంటాయి. మోచేతిలో అన్నిటికన్నా బలహీనమైన చోటు ఇది.

పిల్లల్లోనే ఎందుకు?

పిల్లల మోచేతి విరుపుల్లో సగానికి పైగా ఈ బలహీనమైన చోటనే జరుగుతాయి. దీన్ని డాక్టర్లు సుప్రాకాండైలర్ ఫ్రాక్చర్ అంటారు. భుజాస్థి కింది కొసన ఉన్న ఉబ్బెత్తు భాగాలకు కాస్త పైన విరగడం అని దీని అర్థం. అయిదు నుంచి ఏడేళ్ళ వయసులో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. పెద్దవాళ్ళలో అరుదు.

ఇందుకు కారణం ఆ వయసు కీళ్ళలోనే ఉంది. ఎముకలను కలిపి ఉంచే సంధిబంధకాలు చిన్నపిల్లల్లో బాగా సాగుతాయి. మీ ఇంట్లో ఆరేళ్ళ తమ్ముడో చెల్లెలో ఉంటే చేతిని పూర్తిగా చాచమనండి. మోచేయి తిన్నగా ఉండటమే కాదు, ఇంకాస్త వెనక్కి వంగడం చాలామందిలో కనిపిస్తుంది. అలా చాచిన చేతి మీద పడినప్పుడు మోచేతి మొన వెనక గుంటలోకి బలంగా నెట్టుకుపోయి గునపంలా పనిచేస్తుంది. గునపం దూర్చి ఎత్తితే బండరాయి పెళ్ళగిలినట్టు భుజాస్థి కింది కొస వెనక్కి పెళ్ళగిలుతుంది. సుప్రాకాండైలర్ విరుపుల్లో నూటికి 95కు పైగా ఇలా జరిగేవే. మడిచిన మోచేతి మీద పడినప్పుడు కింది ముక్క ముందుకు జరిగే రకం కూడా ఉంది కాని, అది అరుదు.

కింది ముక్క వెనక్కి పోయింది సరే, మరి పై ముక్క కొస ఎటు వస్తుంది? ముందుకు వస్తుంది. ప్రమాదమంతా అక్కడే ఉంది.

ఎముకకు ఇరుగుపొరుగు

ముంజేతికీ అరచేతికీ రక్తాన్ని తెచ్చే భుజ ధమని మోచేతి ముందు భాగం నుంచే కిందికి దిగుతుంది. దాని పక్కనే మీడియన్ నరం ఉంటుంది. కాస్త బయటివైపుగా రేడియల్ నరం దిగుతుంది. వెనక, లోపలివైపు గాడిలో అల్నార్ నరం ఉన్న సంగతి మీరు వేలితో నొక్కి తెలుసుకున్నారు. విరిగిన పై ముక్క పదునైన అంచుతో ముందుకు పొడుచుకు వస్తే ధమని దాని మీద బిగుసుకుపోవచ్చు. ముక్కల మధ్య ఇరుక్కోవచ్చు. ఒక్కొక్కసారి చిరిగిపోవచ్చు. నరాలు నలిగిపోవచ్చు. ముక్కలు బాగా పక్కకు తొలగిన పిల్లల్లో పదిమందిలో సుమారు ఒకరికి ఏదో ఒక నరం దెబ్బతింటుంది. వీటిలో చాలావరకు కొన్ని నెలల్లో వాటంతటవే కోలుకుంటాయి. కాని దెబ్బ ముందే తగిలిందా, చికిత్సలో తగిలిందా అన్నది తెలియాలంటే పిల్లవాడు రాగానే పరీక్షించి రాసి పెట్టుకోవాలి.

ధమని, నరాలు మోచేతి లోపల ఉన్నాయి, కంటికి కనపడవు. కాని అవి చేసే పని వేళ్ళలో కనపడుతుంది. అందుకే డాక్టరు వేళ్ళను చూస్తారు.

రక్తప్రసారం సంగతి తెలుసుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. ఇప్పుడే చేసి చూడండి. మీ చూపుడువేలి గోటిని అయిదు సెకన్ల పాటు నొక్కి వదలండి. నొక్కినచోట తెల్లబడి, రెండు సెకన్లలోపే మళ్ళీ ఎర్రబడుతుంది. దీన్నిబట్టి సన్నటి రక్తనాళాల్లోకి రక్తం తిరిగి చేరిందని తెలుస్తుంది. విరిగిన చేతి వేళ్ళలో ఈ ఎరుపు ఆలస్యంగా వచ్చినా, వేళ్ళు పాలిపోయి చల్లబడినా రక్తం సరిగా అందడం లేదని అనుమానించాలి. మణికట్టు దగ్గర నాడి కూడా పట్టి చూస్తారు.

ఒక్కొక్కసారి మణికట్టు దగ్గర నాడి అందదు కాని వేళ్ళు మాత్రం ఎర్రగా, వెచ్చగా ఉంటాయి. ఇదెలా సాధ్యం? పెద్ద కాలువకు అడ్డు పడినా, పక్కనున్న పిల్లకాలువల గుండా కొంత నీరు పొలానికి చేరుతుంది కదా! మోచేతి చుట్టూ అలాంటి చిన్న ధమనుల వల ఒకటి ఉంది. ఆ వల చేతిని కాపాడుతోందన్నమాట. అటువంటి పిల్లవాడి మీద కన్ను వేసి ఉంచి, త్వరగా ఎముకను సరిచేయాలి. నాడి అందక, వేళ్ళు కూడా తెల్లబడితే మాత్రం ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా ఆపరేషన్ గదికి తీసుకుపోవలసిందే.

ఇక నరాల పరీక్ష. భయంతో, నొప్పితో ఏడుస్తున్న పిల్లవాణ్ణి "ఈ వేలు మడువు, ఆ వేలు చాపు" అంటే చేస్తాడా? అందుకే రాయి, కాగితం, కత్తెర ఆట. గుప్పిట బిగించి రాయి చూపితే మీడియన్ నరం పనిచేస్తున్నట్టు. మణికట్టునూ వేళ్ళనూ చాపి కాగితం చూపితే రేడియల్ నరం పనిచేస్తున్నట్టు. రెండు వేళ్ళను ఎడంగా విప్పి కత్తెర చూపితే అల్నార్ నరం పనిచేస్తున్నట్టు. చివరగా బొటనవేలి కొసనూ చూపుడువేలి కొసనూ కలిపి గుండ్రంగా సున్నా చుట్టమంటారు. మీడియన్ నరం నుంచి చీలే ఒక శాఖ ఈ రెండు వేళ్ళ చివరి కణుపులను మడుస్తుంది. సుప్రాకాండైలర్ విరుపులో ఎక్కువగా దెబ్బతినేది ఈ శాఖే. అది పనిచేయకపోతే వేళ్ళ చివరలు మడతపడవు, సున్నా గుండ్రంగా రాదు. ఈ శాఖ చర్మానికి స్పర్శ ఇవ్వదు కనుక వేలిని తాకి "తెలుస్తోందా?" అని అడిగితే లోపం బయటపడదు. సున్నా చుట్టమంటేనే తెలుస్తుంది.

కొన్ని గంటలే గడువు

రక్తం అందని కండరం ఎంతసేపు బతుకుతుంది? సుమారు నాలుగు నుంచి ఆరు గంటలు. ఆ తర్వాత కోలుకోలేని నష్టం మొదలవుతుంది. విరిగిన ఎముక మూడు నాలుగు వారాలకు అతుక్కుంటుంది. చచ్చిపోయిన కండరం మళ్ళీ పుట్టదు.

ధమని తెగకపోయినా ఈ ప్రమాదం రావచ్చు. ముంజేతి కండరాలు సాగని గట్టి పొరలతో చేసిన సంచుల వంటి గదుల్లో ఉంటాయి. దెబ్బ వల్ల లోపల రక్తం చేరి, వాపు పెరిగితే ఆ గదిలో ఒత్తిడి పెరుగుతుంది. పొర సాగదు కాబట్టి ఆ ఒత్తిడికి సన్నటి రక్తనాళాలు నొక్కుకుపోతాయి. రక్తం అందక కండరం మరింత వాస్తుంది. వాపు వల్ల ఒత్తిడి, ఒత్తిడి వల్ల వాపు! దానికి తోడు బయట నుంచి బిగువైన కట్టు ఒకటి ఉంటే ఇక చెప్పేదేముంది?

ఇలా దెబ్బతిన్న కండరాలు క్రమంగా నారలా గట్టిపడి, పొట్టివై, వేళ్ళను లోపలికి లాగేస్తాయి. చేయి పక్షి గోరులా ముడుచుకుపోయి జీవితాంతం అలాగే ఉండిపోతుంది. రిచర్డ్ ఫాన్ ఫోక్‌మన్ అనే జర్మన్ శస్త్రవైద్యుడు 1881లో ప్రచురించిన వ్యాసంలో ఈ వైకల్యాన్ని వివరించి, బిగువైన కట్ల వల్ల కండరాలకు రక్తం అందకపోవడమే కారణమని చెప్పాడు. నేటికీ దీన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు.

బిగువు కట్టు ప్రమాదం మన పూర్వులకు తెలియనిది కాదు. సుశ్రుత సంహితలో ఎముకల విరుపులకు ప్రత్యేకమైన అధ్యాయం ఉంది. చెట్ల బెరడునూ, వెదురు బద్దలనూ ఆసరాగా పెట్టి కట్టు కట్టే పద్ధతి అందులో ఉంది. కట్టు వదులైతే కీలు నిలవదనీ, మరీ బిగిస్తే వాపూ, నొప్పీ, చీమూ వస్తాయనీ అది హెచ్చరించింది. ఆ తర్వాతి కాలంలో కట్లు కట్టే సంప్రదాయం ఊరూరా కొనసాగింది. పుత్తూరు కట్టు పేరు వినని వారు తెలుగువారిలోనూ తమిళుల్లోనూ తక్కువ. ఇక్కడ చెప్పదలచింది ఎవరు కట్టారన్నది కాదు. ఆసుపత్రిలో వేసిన పిండికట్టు అయినా, ఊళ్ళో వేసిన బద్దల కట్టు అయినా, వాపు ఇంకా పెరుగుతున్న మోచేతి చుట్టూ బిగిస్తే ఫలితం ఒక్కటే. అందుకే మొదటి రోజుల్లో డాక్టర్లు చుట్టూ మూసివేసిన పిండికట్టు వేయరు. వెనకవైపు మాత్రమే ఆసరా ఇచ్చే అరకట్టు వేసి, పైన వదులుగా గుడ్డ చుడతారు.

ప్రమాదం ముంచుకొస్తోందని ఎలా తెలుస్తుంది? కట్టు వేశాక తగ్గవలసిన నొప్పి పెరుగుతూ పోతుంది. నొప్పి మందు ఇచ్చినా ఆగదు. వేళ్ళను మెల్లగా తిన్నగా చాపితే పిల్లవాడు కెవ్వుమంటాడు. స్థిమితం లేక పొర్లుతాడు. "కట్టు వేస్తే నొప్పి ఉండదా ఏమిటి" అని ఊరుకోకూడదు. అర్ధరాత్రి అయినా సరే ఆసుపత్రికి తీసుకుపోవాలి. వేళ్ళు నల్లబడే దాకా, నాడి ఆగే దాకా ఎదురుచూస్తే ఆలస్యమైపోయినట్టే.

ఎక్స్-రేకు కనపడని ఎముక

వేళ్ళను పరీక్షించి, నొప్పికి మందు ఇచ్చి, చేతికి ఆసరా పెట్టిన తర్వాతే ఎక్స్-రే తీస్తారు. 1895లో రాంట్‌జన్ కనుగొన్న ఈ కిరణాలు కాల్షియం ఉన్న ఎముకలో ఎక్కువగా ఆగిపోతాయి, అందుకే ఫిల్ము మీద ఎముక తెల్లగా కనిపిస్తుంది. కాని పసిబిడ్డ మోచేతిలో భుజాస్థి కింది కొస అంతా మృదులాస్థే! చెవి డొప్పలో ఉండే మెత్తటి పదార్థం లాంటిదే అది. ఎక్స్-రేలో కనపడదు. వయసు పెరిగేకొద్దీ దానిలో ఒక్కొక్కచోట ఎముక తయారవడం మొదలవుతుంది. ఆ చోట్లను అస్థీభవన కేంద్రాలు అంటారు.

మోచేతిలో ఇలాంటి కేంద్రాలు ఆరు. అవి ఒక వరసలో కనిపిస్తాయి. రత్నిని తాకే భుజాస్థి గుండ్రటి భాగం సుమారు ఒక ఏడు వయసుకు, రత్ని తల మూడేళ్ళకు, లోపలి బుడిపె అయిదేళ్ళకు, అరత్ని తిరిగే గిలక వంటి భాగం ఏడేళ్ళకు, మోచేతి మొన తొమ్మిదేళ్ళకు, బయటి బుడిపె పదకొండేళ్ళకు. ఒకటి, మూడు, అయిదు, ఏడు, తొమ్మిది, పదకొండు: గుర్తు పెట్టుకోవడం తేలిక. ఆడపిల్లల్లో ఇవి కాస్త ముందుగా వస్తాయి. వయసులో కొంత తేడా ఉన్నా వరస మాత్రం సాధారణంగా తప్పదు.

ఈ వరస తెలియడం వల్ల లాభమేమిటి? ఆరేళ్ళ పిల్లవాడి ఫిల్ములో గిలక చోట ఒక తెల్లని ముక్క కనిపించింది, లోపలి బుడిపె మాత్రం దాని చోట లేదు అనుకోండి. వరస ప్రకారం బుడిపె ముందు రావాలి, గిలక తర్వాత రావాలి. అంటే కనిపిస్తున్నది గిలక కాదు, తన చోటు నుంచి ఊడి కీలు లోపలికి జారి ఇరుక్కున్న బుడిపె! వరస తెలియనివారు అదే ఫిల్ము చూసి అంతా సవ్యంగా ఉందనుకుని ఇంటికి పంపివేసే ప్రమాదం ఉంది.

కొన్నిసార్లు పగులు అసలు కనిపించదు. అప్పుడు డాక్టర్లు కొవ్వు నీడ కోసం వెతుకుతారు. మోచేతి వెనక గుంటలో చిన్న కొవ్వు దిండు దాగి ఉంటుంది. మామూలుగా మడిచిన మోచేతి ఫిల్ములో అది కనపడదు. పగులు నుంచి కారిన రక్తం కీలులో నిండితే ఆ దిండు పైకి లేచి ఎముక వెనక నల్లటి నీడలా కనిపిస్తుంది. ఆ నీడ ఉంటే పగులు కనపడకపోయినా విరిగినట్టే భావించి అరకట్టు వేసి, వారం పది రోజులకు మళ్ళీ ఎక్స్-రే తీస్తారు. అప్పటికి కొత్త ఎముక ఏర్పడి పగులు చోటు బయటపడవచ్చు.

మరో చిట్కా, స్కేలుతో గీత గీయడం. పక్క నుంచి తీసిన ఫిల్ములో భుజాస్థి ముందు అంచు వెంట కిందికి గీత గీస్తే అది కింది కొసనున్న గుండ్రటి భాగం మధ్య నుంచి పోవాలి. ఆ భాగం గీతకు వెనకగా ఉండిపోతే కింది ముక్క వెనక్కి జరిగిందని అర్థం.

అన్నీ ఒకటి కావు

మోచేయి కదపని పిల్లలందరికీ ఎముక విరిగి ఉండదు. ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల్లో తరచు కనిపించేది మరొకటి. బస్సు ఎక్కిస్తూ చేయి పట్టి పైకి లాగారు. లేదా ఆటకు రెండు చేతులు పట్టి గాలిలో ఊపారు. పిల్ల ఒక్కసారి ఏడ్చి, చేతిని పక్కకు వేలాడేసి వాడటం మానేసింది. వాపు లేదు, కింద పడలేదు. రత్ని తల చుట్టూ ఉంగరంలా ఉండే బంధకం కొద్దిగా జారి కీలులో ఇరుక్కోవడం వల్ల ఇలా అవుతుంది. తెలిసిన డాక్టరు ముంజేతిని ఒక తీరుగా తిప్పితే చిన్న టిక్కుమన్న స్పర్శతో అది సర్దుకుంటుంది. కొద్ది నిమిషాల్లో పిల్ల ఆ చేత్తోనే బిస్కట్టు అందుకుంటుంది. "పట్టి లాగితే కూర్చుంటుంది" అనే నమ్మకం బహుశా ఇటువంటివి చూసే పుట్టి ఉంటుంది. కాని పడి, వాచిన మోచేతిని అదే పద్ధతిలో తిప్పితే పదునైన ఎముక ముక్క ధమని మీదకు పోవచ్చు. వాపు ఉందా, పడిందా అన్న రెండు ప్రశ్నలకు జవాబు తెలియకుండా ఎవరూ చేయి వేయకూడదు.

ఇంకొకటి, మోచేతి బయటివైపు భాగం విరగడం. సుప్రాకాండైలర్ తర్వాత పిల్లల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. వాపు తక్కువగా ఉండి తేలికపాటి దెబ్బలా కనిపిస్తుంది. కాని పగులు కీలు నునుపు తలం గుండా, ఎముక పెరిగే పలక గుండా పోతుంది. సరిగా కుదర్చకపోతే అతుక్కోకుండానే ఉండిపోతుంది. చేయి ఏటేటా బయటికి వంకర తిరిగి, గాడిలోని అల్నార్ నరం సాగి, ఎన్నో ఏళ్ళ తర్వాత చిటికెనవేలు మొద్దుబారడం మొదలవుతుంది.

చికిత్స ఎలా?

గార్ట్‌లాండ్ అనే అమెరికన్ వైద్యుడు 1959లో సుప్రాకాండైలర్ విరుపులను మూడు తరగతులుగా విభజించాడు. ఎముక పగిలినా ముక్కలు కదలకపోతే మొదటి తరగతి. కింది ముక్క వెనక్కి వంగినా వెనక అంచు తలుపు బందులా అతుక్కుని ఉంటే రెండోది. ముక్కలు పూర్తిగా విడిపోతే మూడోది. ఈ విభజననే కొద్ది మార్పులతో ఇప్పటికీ వాడుతున్నారు.

మొదటి తరగతికి సుమారు మూడు వారాల కట్టు చాలు. మూడో తరగతికి, రెండో తరగతిలో చాలామందికి, మత్తు ఇచ్చి ఎముకను సరిచేస్తారు. చాలామందిలో కోత అవసరం ఉండదు. ఎక్స్-రే తెర మీద చూస్తూ ముక్కలను చోటికి చేర్చి, చర్మం పైనుంచే సన్నటి ఉక్కు తీగలను గుచ్చి నిలబెడతారు. మార్టిన్ కిర్ష్‌నర్ అనే జర్మన్ వైద్యుడు 1909లో ప్రవేశపెట్టిన తీగల పేరుతోనే వీటిని కిర్ష్‌నర్ తీగలు అంటారు. మూడు నాలుగు వారాలకు వాటిని తీసేస్తారు. వేళ్ళలో రక్తప్రసారం బాగుండి, నరాలు పనిచేస్తూ ఉంటే ఈ ఆపరేషన్ మర్నాడు ఉదయం దాకా ఆగవచ్చు. ఈ నిర్ణయం కూడా వేళ్ళను చూసే తీసుకుంటారు.

"చిన్నపిల్లవాడే కదా, వంకర ఉన్నా ఎదిగేకొద్దీ సర్దుకుంటుంది" అని కొందరు ఆపరేషన్ వద్దంటారు. ఈ మాట కొన్ని ఎముకల విషయంలో నిజమే. మోచేతి దగ్గర మాత్రం కాదు. భుజాస్థి పొడవు పెరుగుదలలో నూటికి సుమారు 80 వంతులు భుజం వైపు కొసనే జరుగుతుంది. మోచేతి వైపు జరిగేది 20 వంతులే. అందుచేత ఇక్కడ వంకరను సరిదిద్దుకునే శక్తి తక్కువ. ముఖ్యంగా పక్కకు వాలిన వంకర అలాగే మిగిలిపోయి, చేయి తుపాకీ మడమలా లోపలికి వంగినట్టు కనిపిస్తుంది.

కట్టు తీశాక మోచేయి బిగుసుకుని ఉండటం సహజం. పిల్లవాడిని తన ఆటలు తనను ఆడుకోనిస్తే కొన్ని వారాల్లో, కొందరికి కొన్ని నెలల్లో, కదలిక తిరిగి వస్తుంది. తొందరపడి నూనె రాసి గట్టిగా తోమడం, బలవంతంగా వంచడం మంచిది కాదు. అలా చేస్తే నలిగిన కండరంలోనే ఎముక పదార్థం పేరుకుని మోచేయి శాశ్వతంగా బిగుసుకుపోవచ్చు.

మీరు చేయగలిగినవి

ఇలాంటి దెబ్బ తగిలినప్పుడు దగ్గర ఉండేది డాక్టరు కాదు, మీలాంటి అన్నలూ అక్కలూ స్నేహితులే. అందుకే ఈ కింది విషయాలు గుర్తుంచుకోండి.

1. మోచేతిని లాగవద్దు, తోమవద్దు, తిన్నగా చేయాలని చూడవద్దు. ఎలా ఉన్న చేతిని అలాగే ఉంచి మడతపెట్టిన వార్తాపత్రికో, అట్టముక్కో, చిన్న దిండో ఆసరాగా పెట్టి వదులుగా గుడ్డతో కట్టండి. బలవంతంగా మడిచి మెడకు వేలాడదీయవద్దు.

2. గాజులు, ఉంగరాలు, మొలతాడు దారంలా మణికట్టుకు కట్టిన తాళ్ళు వెంటనే తీసేయండి. వాపు పెరిగాక అవి ఊడిరావు.

3. వేళ్ళ రంగు, వెచ్చదనం చూడండి. గోరు నొక్కి వదిలి చూడండి. రాయి, కాగితం, కత్తెర, సున్నా చేయించండి. ఏం గమనించారో, ఎన్ని గంటలకు పడ్డాడో డాక్టరుకు చెప్పండి.

4. చర్మం చీలి రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ కప్పండి. లోపలి ఎముకను ముట్టుకోవద్దు.

5. ఏడుపు మాన్పించాలని టిఫిను, పాలు పెట్టవద్దు. మత్తు ఇవ్వాలంటే కడుపు ఖాళీగా ఉండాలి. ఆహారం తిని ఉంటే సాధారణంగా ఆరు గంటలు ఆగవలసి వస్తుంది. చివరిసారి ఎప్పుడు, ఏం తిన్నాడో గుర్తుంచుకోండి.

6. ఎముకల డాక్టరు ఉన్న ఆసుపత్రికి త్వరగా చేర్చండి. వేళ్ళు తెల్లబడినా, చల్లబడినా 108కి ఫోను చేసి ఆ సంగతే మొదట చెప్పండి.

7. కట్టు వేసి ఇంటికి పంపాక చేతిని గుండె కన్నా ఎత్తులో దిండు మీద ఉంచండి. మొదటి రెండు రోజులు గంట గంటకూ వేళ్ళను చూడండి. నొప్పి పెరుగుతూ పోతే తెల్లవారే దాకా ఆగవద్దు.

జామచెట్టు ఎక్కవద్దని పిల్లలకు ఎవరు చెప్పగలరు? చెప్పినా వింటారా? ఎక్కుతారు, ఒక్కోసారి పడతారు, కొందరికి మోచేయి విరుగుతుంది. విరిగిన ఆ ఎముకను అతికే పని శరీరమే చేసుకుంటుంది. ఆ లోగా ముంజేతికి రక్తం అందేలా చూడటం మాత్రం పక్కన ఉన్నవారి పని. అందుకు కావలసింది ఒక జత కళ్ళు, కొంచెం ఓపిక, పిల్లలందరికీ వచ్చిన ఒక ఆట. మీ ఇంటి దగ్గర ఎవరైనా పిల్లవాడు పడి మోచేయి పట్టుకుని ఏడుస్తుంటే, అందరూ వాపు చూస్తున్నప్పుడు మీరు వేళ్ళను చూడండి.